ఇనుప తలుపు

లైటు పోయింది.

ఆదినారాయణ ఇంట్లో లైటు పోతే ఎవరూ కొవ్వొత్తి వెతకరు. అందరూ నేల మీద పడుకుంటారు. పార్టీ గొడవలు ముదిరి బాంబులు పడటం మొదలైనప్పటి నుంచీ అదే అలవాటు.

ఆయన భార్య ప్రమీలమ్మ పప్పుగరిటెతో సహా బోర్లా పడుకుంది. ఈ నెలలో తొమ్మిదోసారి. బాంబుల కంటే ముందు నడుమే పోయేట్టుంది అనుకుంది.

రెండు నిమిషాలకు లైటు వచ్చింది. పక్కిళ్లలో అసలు పోనే లేదు.

"ఇది ఎదుటి పార్టీవాళ్ల పనే. లైను మీద చెయ్యేసినారు," అన్నాడు ఆదినారాయణ.

జమ్మలమడుగు నుంచి ముగ్గురు మెకానిక్కులు వచ్చిపోయారు. పట్టపగలు వాళ్ల కళ్లముందు లైటు ఒక్కసారీ పోలేదు.

నాలుగో మనిషి ప్రొద్దుటూరులో మక్బూల్ కరెంటు సామాన్ల అంగడి నుంచి వచ్చాడు. అరవై దాటిన సాలోమోను. గేటు దగ్గరి మనుషులు అతని సంచి విప్పి, స్క్రూడ్రైవరును కూడా వేటకొడవలిని చూసినట్టు చూశారు.

"ఎంతసేపు పడతాదప్పా?" అడిగింది ప్రమీలమ్మ.

"అది పోయేదాకా కూచుంటామ్మా. పోయేటప్పుడు నువ్వేం చేస్తాంటావు?"

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"పొద్దుగూకినాక అంట్లు కడిగి, తడిచేతుల్తోనే ఆ ఇనుప తలుపుకు గడియేస్తా. కాసేపటికి పోతాది."

బాంబులకు భయపడి ఈమధ్యే పెట్టించిన తలుపు అది.

ఆ సాయంత్రం లైటు పోయింది. ఇంటిల్లిపాదీ నేల మీద పడుకుంటే, సాలోమోను ఒక్కడే నిలబడి తలుపు వైపు చూశాడు. తర్వాత కాగితం మీద ఇల్లు గీసి, ఏ గదిలో ఎప్పుడు ఆరిందో గుర్తులు పెట్టుకున్నాడు.

రెండో సాయంత్రం ఆ కాగితం ఆదినారాయణ అనుచరుడి చేతికి చిక్కింది.

"అన్నా! ఇంటి మ్యాపు! మనం యాడ పండుకుంటామో గుర్తులేసినాడు!"

"లైట్ల గుర్తులప్పా అవి..."

మాట పూర్తి కాకముందే దవడ పగిలింది. సంచి వీధిలో పడింది.

సాలోమోను రక్తం తుడుచుకుంటూ ప్రమీలమ్మ వైపే చూశాడు.

"అమ్మా, మెయిన్ ఆపి ఆ తలుపు పక్క గోడ తవ్వించు. అంతదాకా తడిచేత్తో గడియ ముట్టాకు."

గేటు మూసేశారు.

మర్నాడు మగవాళ్లంతా కోర్టు వాయిదాకు పోయాక, ప్రమీలమ్మ మెయిన్ ఆపి తనే సుత్తి పట్టింది. తలుపు చట్రం కింద వైరు నలిగి, రాగి బయటపడి, ఇనుముకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. తలుపు వేసిన అదురుకల్లా ఆ వైరు సడలి, కాసేపటికి లైటు పోతోంది. శత్రువులు రాకూడదని బిగించుకున్న తలుపే నెల రోజులుగా అందరినీ నేలకు పడగొడుతోంది.

ఇంకో నాలుగు రోజులైతే తన ఫొటోకు దండ పడేది.

ఆమె బస్సెక్కి ప్రొద్దుటూరు పోయింది.

"ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలిపించు మక్బూలూ. చేతులెత్తి మొక్కాల."

"యాడుండాడక్కా? పొద్దున్నే పని ఇడిసిపెట్టి కూతురి కాడికి హుబ్లీ పాయె. మీ ఇంటికి పోవద్దని మొదలే చెప్పినా. 'ఆడ ఆడమనిషి ఉంటాది, కరెంటుకు పార్టీలు తెల్దు' అన్నాడు."

"వద్దని ఎందుకు చెప్పినావు? మావాళ్లు కొడతారనా?"

మక్బూల్ తల దించుకున్నాడు.

"పోయినేడు మీవాళ్లేసిన బాంబులకు ఎదుటోళ్ల జీపు తోలుతా చచ్చిపోయిన పిల్లోడు, ఆయప్ప ఒక్కగానొక్క కొడుకక్కా."