సౌండు మంచిగున్న ప్లేయర్

రేపు ఆల్థాన్ పేటలో ఒక సేఠ్ దగ్గర వాచ్‌మన్‌గా చేరాల్సిన పరుశురాంను కొడుకు ఓంప్రకాష్ పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"రెండు వీడియో ప్లేయర్లు దించిన బాపూ. రెండూ ఫ్రీయే, మన పాత డబ్బాకు బరువు కావు. దేంట్ల సౌండు మంచిగుందో చెప్పు."

ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో బతికిన పరుశురాం, అలవాటుగా కొడుకు పెదాలు చూసి తల ఊపాడు.

తెర మీద, చనిపోయిన భార్య బతుకమ్మ పాట పాడింది. మొదటి ప్లేయర్‌కు పెదవి విరిచాడు. రెండోదానికి కళ్లు తుడుచుకున్నాడు.

"గిదే మంచిగుంది బిడ్డా. జర సౌండు తగ్గియ్యి."

ఓంప్రకాష్ మొహం పక్కకు తిప్పుకుని ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, ఆ నౌకరీ నీకే. మా బాపుకు ఏం వినపడ్తలేదని సేఠ్‌కు చెప్త. స్పీకర్ వైరు పొద్దున్నే పీకిన."

కొడుకు చెవి దగ్గర ఫోన్ చూసి పరుశురాం చిరాకుపడ్డాడు.

"లొల్లి చెయ్యకురా. మీ అమ్మను విననియ్యి."