మూడు ఎర్రచారలు

“కొండల్లో మడుగును చంపింది మీరే. చెట్లు నరికారు, కొండను బోడి చేశారు, రెడ్డిగూడెం గొంతు ఎండబెట్టారు.”

నందిగామ మీటింగులో ప్రేమానందం ముందు వరసలోని కలప కంట్రాక్టర్ల వైపు వేలు చూపించి అన్నాడు. వాళ్ళు తాంబూలం నములుతూ నవ్వారు. వెనక నిలబడ్డ పుల్లయ్య మాత్రం తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి అన్నం ముట్టలేదు.

అయిదోరోజు ప్రేమానందం రెండుగా చీల్చి తాడుతో కట్టిన వెదురుబొంగు ఒకటి చంకన పెట్టుకుని పుల్లయ్య ఇంటికి వచ్చాడు.

“ఏం మావా, అలిగావంట?”

“అలగడానికి నువ్వేమన్నా నా పెళ్ళానివా?” పుల్లయ్య గోడవైపు తిరిగాడు. “మడుగును చంపినోణ్ణి. నాకు కూడెందుకు?”

“నేనన్నది కంట్రాక్టర్లని.”

“వాళ్ళకి గొడ్డలి పట్టడం వచ్చా? ఇరవై ఏళ్ళు నరికింది ఈ చేతులేగా.”

ప్రేమానందం బడి మొహం చూసినవాడు కాదు. కొండల్లో మట్టి పరీక్షలకు వచ్చిన సర్వే వాళ్ళ వెంట నెలరోజులు తిరిగి, మడుగు అడుగున పేరుకున్న మట్టిని చూసి పాతకాలపు వానల సంగతి చెప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వెదురుబొంగు విప్పి మంచం మీద పెట్టాడు. లోపల మట్టి చారలు చారలుగా ఉంది.

“ఎండిన మడుగులో తవ్వి తీశా. పైనుంచి చూడు. నల్లమట్టి, నత్తగుల్లలు. అంటే నీళ్ళున్న కాలం. దానికింద ఎర్రచార. మడుగు ఎండిపోయి కొండమట్టి జారిపడ్డ కాలం. మళ్ళీ నలుపు, మళ్ళీ ఎరుపు.”

పుల్లయ్య లేచి కూర్చున్నాడు. వేలితో తాకి చూశాడు. “ఎర్రవి మూడు.”

“అడుగుది వేల ఏళ్ళ కిందటిది. అప్పుడు గొడ్డలి ఎవడు పట్టాడు? నువ్వా? వానలు పోయినయ్, ఎండింది. వానలొచ్చినయ్, నిండింది.”

“అంటే మళ్ళీ నిండుద్దా?”

“మూడుసార్లు నిండింది నాలుగోసారి నిండదా?”

పుల్లయ్య చాలాసేపు ఆ మట్టినే చూశాడు. “నోరు పెద్దదిగానీ మంచోడివే అల్లుడా,” అన్నాడు. తరవాత లోపలికి కేకేశాడు. “జయమణీ, గంజుంటే తీసుకురా.”

రెండు ముంతలు తాగాడు. తాగి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

జయమణి కళ్ళు తుడుచుకుంటూ ప్రేమానందం వెనకే వాకిట్లోకి వచ్చింది.

“నీ చదువు చల్లగుండ. నా మొగుణ్ణి బతికించావు. లేచాక ఏం పెట్టమంటావయ్యా?”

ప్రేమానందం గొంతు తగ్గించాడు.

“ముందు మీ పెరట్లో నేను ఎర్రమట్టి తీసిన గుంట పూడ్చెయ్ అత్తా.”