మెట్ల మీద నీడ

"కట్!" అని అరిచి నీలాద్రి నెత్తి కొట్టుకున్నాడు. "దయ్యాన్ని చూసి ఎవరైనా నవ్వుతారా జెరూషా?"

"నేనేం చెయ్యను దాదా? ఈయన దయ్యంలా లేడు, మా బైరాగి బాబాయిలాగే ఉన్నాడు!" అంటూ జెరూషా మెట్ల మీద కూలబడి మళ్ళీ నవ్వింది.

దయ్యం వేషంలో ఉన్న బైరాగికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. అతను మునిసిపల్ పనివాడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తూ, ఎండిన మునక్కాడ లాంటి ఒళ్ళూ చూసి నీలాద్రి ఏరికోరి తెచ్చుకున్నాడు. బైరాగి ఊరుకుంటాడా? ఎంటాలీ పేటలో తెలుగువాళ్ళ ఇళ్ళ లైన్లన్నీ తిరిగి, "ఇయాళ జమీందారు మేడలో నాను సినిమా ఏస్తన్నాను" అని చాటింపు వేసొచ్చాడు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఈ పిల్ల నవ్వు అచ్చంగా అతనొక్కడికే చేటయ్యేలా ఉంది.

బెంగాలీవాడైన నీలాద్రి పిచ్చి నీలాద్రిది. సినిమాకి మాటలు రాని రోజుల్లో జర్మనీవాళ్ళు తీసిన దయ్యాల బొమ్మలు ఫిల్మ్ సొసైటీలో చూశాడు. అలాంటిదే ఒక మూగబొమ్మ తనూ తీయాలని పట్టుబట్టి, పాడుబడ్డ మేడ ఒకటి అడిగి పుచ్చుకున్నాడు. కిటికీలకి గోనెపట్టాలు కొట్టించాడు. మెట్ల మొదట్లో, నేల మీద, ఒకే ఒక్క పెద్ద లైటు పెట్టాడు. దాని ముందు పిల్లి నడిచినా గోడ మీద పులంత నీడ లేస్తుంది.

"భయం ముఖంలో ఉండదు బైరాగీ, నీడలో ఉంటుంది. నలభై ఏళ్ళ తర్వాత కూడా ప్రపంచమంతా ఆ నీడల్నే కాపీ కొడుతోంది," అని పొద్దుట్నుంచి పదిసార్లు చెప్పాడు. ఇప్పుడు మాత్రం వేరే మాట చెప్పాడు. "కెమెరాలో ఒక్క నిమిషానికే ఫిల్ము మిగిలింది. ఈసారి కూడా జెరూషా నవ్విందంటే దయ్యాన్ని తీసేసి, ఖాళీ మెట్లతో ముగించేస్తాను."

బైరాగి జెరూషా వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మీ, నీకు పున్నెముంటాది. ఒక్కపాలి బయపడవే! బొమ్మలో నాను లేకపోతే మన లైన్లో తలెత్తుకోనేను."

"పడతాలే బాబాయ్. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నవ్వు ఆపుకుంటాను. మూగబొమ్మే కదా, నీ మాటలు ఎవరికి వినిపిస్తాయి?"

కెమెరా గిర్రుమంది. బైరాగి నీడ గోడెక్కింది. అట్టముక్కల గోళ్ళు చాచి, ఒక్కో మెట్టే ఎక్కి పైకొచ్చాడు. జెరూషా భయపడుతున్నట్టు బుగ్గన చెయ్యి వేసుకుంది గానీ, పెదవులు అప్పుడే నవ్వుకి వణుకుతున్నాయి. ఆమె చేతి గడియారం సరిగ్గా బైరాగి ముక్కు ముందుకొచ్చింది. నాలుగూ ఇరవై.

బైరాగి కళ్ళు ఇంతింతయ్యాయి. నోరు తెరుచుకుంది. ఆమె మీదికి వంగి తెలుగులో ఏదో గొణిగాడు.

జెరూషా ముఖంలో నెత్తురుచుక్క లేదు. కెవ్వున అరిచి గోడకి అతుక్కుపోయింది.

"కట్!" నీలాద్రి గంతులేశాడు. "అద్భుతం! ఒకరిని మించి ఒకరు! ఏం చెప్పావయ్యా ఆ పిల్లకి?"

బైరాగి గబగబా గోళ్ళు పీకి పారేస్తున్నాడు.

"పారిపో బాబాయ్! దొరికావంటే చంపేస్తారు!" అంది జెరూషా.

అంతలో మెట్ల పక్క గోడ మీద ఒక నీడ లేచింది. దానికి రెండు తలలు. దాని వెనక ఇంకొకటి, దానికీ రెండు తలలే. అయిదు, పది, పదిహేను... గోడంతా నిండిపోయి, చేతులు ఊపుతూ పైకి ఎక్కి వస్తున్నాయి.

నీలాద్రి ఆనందంతో చప్పట్లు చరిచాడు. "ఎవరు తెచ్చారు వీళ్ళని? జర్మనీవాళ్ళకి కూడా ఇన్ని దయ్యాలు దొరకలేదు!"

బైరాగి వచ్చి అతని వెనక నక్కాడు.

"దయ్యాలేటి దాదా, నెత్తిమీద కాళీ బిందెలు! నాలుగింటికి ఈ ఈదికి కుళాయి నీళ్ళు ఇప్పాల్సినోణ్ణి నానే!"