కొంగు కింద హెడ్‌ఫోను

“ఇప్పుడు వినపడతాందా?” షామియానా వెనక నిలబడి శ్రీకాంత్ మళ్లీ అడిగాడు.

“లేదన్నా,” అంది కృపాకుమారి.

అతని తండ్రి శ్రీరంగప్ప పళ్లు పటపట కొరికాడు. ఈ పూట కోసం ఆయన ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు.

కిందటిసారి పంచాయతీ ఎన్నికల్లో ఆయన్ని ఓడించి, ఆయన వాకిలి ముందే మీసం దువ్వుకుంటూ ఊరేగింపుగా పోయాడు ఎర్రిస్వామి. ఆ డప్పుల మోత శ్రీరంగప్ప చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఈసారి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వు కాగానే, తన పొలంలో పనిచేసే యేసన్న భార్యను నిలబెట్టి గెలిపించాడు. పేరుకే కృపాకుమారి సర్పంచ్. పంచాయతీ ముద్ర శ్రీరంగప్ప బీరువాలో ఉంటుంది. ఆమె ఇప్పటికీ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని వరుసలో నిలబడుతుంది.

కరువు నిధులతో ఊరికి వేయించిన బోరు మోటారూ పైపులూ మాయమై చాలా రోజులైంది. ఇవాళ విచారణకు పైఅధికారులు వచ్చారు. దొంగ ఎర్రిస్వామి అని సర్పంచ్ నోటితోనే, ఊరందరి ముందూ చెప్పించాలి. కేసు పడాలి. చేతులకు బేడీలతో ఎర్రిస్వామి అదే వాకిలి ముందు నుంచి నడిచి పోవాలి.

కృపాకుమారికి చదువు రాదు. బట్టీ పట్టిస్తే సగంలో తడబడింది. అందుకే శ్రీకాంత్ బెంగళూరు నుంచి తీగ లేని హెడ్‌ఫోనూ, దానితో పనిచేసే చిన్న పాటల ప్లేయరూ తెచ్చాడు. చెప్పాల్సిందంతా తన గొంతుతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎడం వదిలి రికార్డు చేశాడు. చెవిలో విన్నది విన్నట్టు అప్పజెబితే చాలు. ఇంటి పెరట్లో చేయించి చూసినప్పుడు ముక్క పొల్లు పోలేదు.

తీరా ఈ పొద్దు మొరాయించింది.

నలుగురిలో పరాయి ఆడమనిషి కొంగు మగవాళ్లు ఎత్తి చూడకూడదు. పొద్దున కృపాకుమారికి జడ వేసి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, పైన కొంగు కప్పింది శ్రీకాంత్ తల్లి బయమ్మే. ఇప్పుడూ ఆవిడే చూసి చెప్పాలి.

“అమ్మా, లైటు ఎట్లుండాది?”

బయమ్మ కొంగు అంచు కొద్దిగా ఎత్తి తొంగి చూసింది. “మినుకుమినుకుమంటాంది నాయనా.”

“అయితే ప్లేయరుతో ఇంకా కలవలేదు. ఆర్పి మళ్లా వెయ్యి.”

ఆర్పానంది. వేశానంది. శ్రీకాంత్ ప్లేయరులో పాత జతను చెరిపేసి హెడ్‌ఫోనును కొత్తగా వెతికించాడు. దొరకలేదు. చార్జింగు నిండుగా ఉంది. ప్లేయరును ఆమె భుజం దాకా తెచ్చి చూశాడు. సెల్‌ఫోన్లు అడ్డం పడుతున్నాయేమోనని తనదీ, తండ్రిదీ ఆపేశాడు. అయినా అంతే.

“ఇంత దుడ్లు పోసి చెవికమ్మలు తెచ్చినావు గానీ, మాట వచ్చేది తేలేదే,” అన్నాడు శ్రీరంగప్ప కొడుకును ఉరిమి చూస్తూ.

బయమ్మ సర్దిచెప్పింది. గుర్తున్న కాడికి చెబుతుందిలే, పిల్లను బెదరగొట్టొద్దంది.

మైకులో సర్పంచ్ పేరు పిలిచారు. ఇక చేసేదేమీ లేదు. శ్రీరంగప్ప కృపాకుమారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఏం మర్చిపోయినా ఫర్వాలేదు. దొంగ పేరు మాత్రం చెప్పు.”

“అట్లేనన్నా.”

ఆమె వేదిక ఎక్కింది. బయమ్మ పోయి, వేదిక కిందే ఆడవాళ్లకు పరిచిన చాప మీద కూర్చుంది. శ్రీరంగప్ప మాత్రం ఎదురు వరుసలో ఉన్న ఎర్రిస్వామి ముఖం బాగా కనిపించే చోటు చూసుకుని నిలబడ్డాడు.

కృపాకుమారి మైకు ముందు కాసేపు ఊరికే నిలబడింది.

“సార్, మా ఊరి బోరు దొంగలెత్తుకు పోయినారు.” ఆగింది. “దొంగ బయటోడు కాదు. మా ఊరోడే.”

శ్రీరంగప్ప కడుపు చల్లబడింది. ఎర్రిస్వామి చెమట తుడుచుకోవడం చూసి మీసం దువ్వుకున్నాడు.

ఆమె మళ్లీ ఆగింది. భయమేమో అనుకున్నాడు.

“ఆ మోటారు గోరంట్ల దారిలో మామిడితోటలో తిరగతాంది. తోట హనుమక్క అనే ఆమె పేరు మీద ఉండాది. ఆమెకు కొనిచ్చింది శ్రీరంగప్ప.”

జనం తలలు శ్రీరంగప్ప వైపు తిరిగాయి.

“పైపుల మీదుండే ఊరి పేరు గీకేసినారు. గీకిన ఉలి ఆయప్ప ఇంట్లో, అటక మీద, ఇత్తడి గంగాళం వెనక ఉండాది.” మళ్లీ ఆగింది. “శుక్రవారాలు, అమావాస్యలు తప్ప ఆయప్ప పండుకునేది ఆ తోటలోనే.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రిస్వామి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అధికారి ఒకరు గుమాస్తాను పిలిచి, రాసుకోమన్నాడు.

శ్రీరంగప్ప కొడుకు చొక్కా పట్టుకున్నాడు. “ఆపురా దాన్ని. ఎర్రిస్వామిగాడు నేర్పించినాడు దీనికి.”

“నేనేం ఆపేది నాయనా? ఇది ఎప్పుడో ఆగిపోయినాది.” శ్రీకాంత్ చేతిలోని ప్లేయరు చూపించాడు. తండ్రి ముఖంలోకి మాత్రం చూడలేదు.

ఎన్నడూ అన్నా అని తప్ప పిలవని మనిషి. ఆయన గడప దాటి లోపలికి రాని మనిషి. అటక మీది గంగాళం సంగతి దీనికెట్లా తెలుసు? ఎర్రిస్వామికైనా ఎట్లా తెలుస్తుంది?

వేదిక మీద కృపాకుమారి తల కాస్త వంచి, మళ్లీ ఆగింది.

చాప మీద కూర్చున్న బయమ్మ చీర మడతల్లోకి చెయ్యి పోనిచ్చి, పొద్దున్నుంచీ ఆ హెడ్‌ఫోనుతో కలిసే ఉన్న తన సెల్‌ఫోనులో, తన గొంతుతో రికార్డు చేసిపెట్టుకున్న తర్వాతి వాక్యం నొక్కింది.