పసుపు రాసిన టైలు

చెత్త బకెట్లో పగిలిన టైలు ముక్కకి పసుపు అంటి ఉంది. స్కూల్లో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చిన శాంభవి భుజాన బ్యాగుతోనే వంగి దాన్ని తీసింది.

"ఇది నిన్న నేను పెట్టిన టైలు కదండీ?"

వంటింటి గోడకి మట్టం చూసే స్పిరిట్ లెవెల్ ఆనించి ఉన్న భర్త దత్తాత్రేయ తల తిప్పలేదు. మేస్త్రీలకి ఓపిక ఉండదంటూ వేసవిలో పని తనే మొదలుపెట్టాడు. గోడ చదును చేసేసరికే దసరా దాటింది, ఆమె ఇంకా బాల్కనీలోనే వండుతోంది. నిన్న మంచిరోజని, తొలి టైలు పసుపు రాసి ఆమె చేతే పెట్టించాడు.

"రవ్వంత వంకరొచ్చింది శాంభవీ. పైవన్నీ దాన్నిబట్టే పోతాయి."

"చాలా బాగా కుదిరిందన్నారు."

"చిన్నబుచ్చుకుంటావని అన్నాను. నువ్వెళ్ళాక తీసి వేరేది పెట్టాను. చూడు, తేడా తెలుస్తోందా?"

తెలియడం లేదు. ఆమెకి భయం వేసింది అందుకే.

ముక్క మీది పసుపుని బొటనవేలితో తుడుస్తూ మెల్లగా అడిగింది.

"పెళ్ళైనప్పట్నించీ నా వంట బాగుందనే అంటున్నారు. అదీ ఇలాగేనా?"

దత్తాత్రేయ లెవెల్లోని నీటిబుడగ నడిమికి వచ్చిందో లేదో చూస్తూ ఉండిపోయాడు.