సతుర్నీనో ఛాతీలోని యంత్రం

శవపేటిక ముందు టోపీ తీసి నిలబడ్డాడు ఆ ముసలాయన. ఊళ్ళో ఎవరికీ తెలిసిన మొహం కాదు.

పోయినవాడు సతుర్నీనో, ఇటుక బట్టీ మేస్త్రీ. పేటిక చుట్టూ కొవ్వొత్తులు, బంధువుల బుగ్గల్లో నిద్ర ఆపుకోడానికి నమిలే కోకా ఆకు. వచ్చినవాళ్ళకి మొక్కజొన్న కల్లు పోస్తోంది పెద్దకూతురు నీల్దా.

ముసలాయన ముంత పుచ్చుకుని, భూమితల్లికి రెండు చుక్కలు వదిలి, తాగాడు. తరవాత మెల్లిగా అడిగాడు.

“అమ్మా, మీ నాన్న ఛాతీలో ఉన్న యంత్రం ఇప్పిస్తారా? పూడ్చకముందే తియ్యాలి.”

నీల్దాకి ముందు అర్థం కాలేదు.

“ఏం యంత్రం?”

“గుండెని కొట్టించే యంత్రం, తల్లీ. టౌను ఆస్పత్రిలో ఒకామెకి కావాలి. ఇద్దరు చిన్నపిల్లలు. కొత్తది కొనే స్తోమత లేదు. గుండె ఉబ్బి ఇంతయింది. నడుస్తూ నడుస్తూ పడిపోతోంది.”

ఊరున్న ఆ లోయలో ఈ జబ్బు తెలియని ఇల్లు లేదు. మట్టిగోడల పగుళ్ళలో పురుగు ఉంటుంది. నిద్రలో కుడుతుంది. ఏళ్ళు గడిచాక గుండె గదులు సాగి సాగి వదులైపోతాయి. కొట్టుకోమనే కబురు ఆ సాగిన గోడల్లో దారి తప్పుతుంది. గుండె ఒకసారి పరుగెడుతుంది, ఒకసారి కొట్టుకోవడమే మర్చిపోతుంది. సిమెంటు ఇళ్ళలో ఉండే మంత్రులకి ఆ పురుగు కుట్టదు కాబట్టి మందు గురించి ఎవడికీ తొందర లేదు.

సతుర్నీనోకి నాలుగేళ్ళ కిందట యంత్రం పెట్టారు. లయ అది చూసుకుంది గానీ, సాగిపోయిన గుండెకి రక్తం నెట్టే బలం అదెక్కడినుంచి తెస్తుంది?

నీల్దా తమ్ముడు ఆదెమార్ లేచాడు.

“మా నాన్న శవాన్ని కొయ్యమంటున్నావా?”

“చిన్న గాటు, నాయనా. చర్మం కిందే ఉంటుంది. డాక్టరమ్మ వచ్చి తీస్తుంది. మీరు ఊఁ అంటే చాలు.”

“ఏటా పోయినవాళ్ళు ఇంటికొచ్చే ఆత్మల పండక్కి, ఛాతీకి చిల్లు పడ్డ మనిషి ఎలా వస్తాడు? ఏమైనా తెలుసా నీకు?”

“లిఖిచీరి!” మూలనుంచి మేనత్త కేక పెట్టింది.

మనుషుల కొవ్వు కోసి అమ్ముకునే పరాయివాణ్ణి అక్కడ అలా అంటారు. ఆ పేరు పడ్డవాడు చెప్పేది ఇక ఎవరూ వినరు.

“అయ్యో, కాదమ్మా! ఒక్క మాట వినండి. ఆ యంత్రం...”

వినలేదు. ఆదెమార్ ముసలాయన చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఎవడో టైరు చెప్పు తీశాడు. నీల్దా కూజాలో ఉన్న కల్లంతా ఆయన మొహాన కొట్టింది.

“పీనుగుల మీద బతికే కుక్కా! మళ్ళీ ఈ వీధిలో కనిపిస్తే తగలబెట్టేస్తాం!”

ముసలాయన డొక్క పట్టుకుని లేచాడు. గుమ్మం దాటుతూ కూడా అడిగాడు.

“రేపు పొద్దున్నేగా పూడ్చేది? అప్పటిదాకా రోడ్డు మీదే ఉంటాను. మనసు మారితే ఒక్క కేకెయ్యండి.”

సమాధానంగా ఒక రాయి వెళ్ళింది.

మర్నాడు సతుర్నీనోని పూడ్చేశారు, యంత్రంతో సహా.

ఎనిమిదో రోజు ప్రార్థన అయ్యాక నీల్దా బస్సెక్కి టౌనుకి వెళ్ళింది. కోపం ఇంకా చల్లారలేదు. ఆస్పత్రి వరండాలో, నాన్నకి యంత్రం పెట్టినప్పటినుంచీ తెలిసిన హెడ్ నర్సు ప్రిమితీవాని పట్టుకుంది.

“ఆ శవాల దొంగని మా ఇంటికి పంపిందెవరు? మీ వాటా ఎంత?”

“గొంతు తగ్గించు. ఎవరూ పంపలేదు. ఆయన పేరు ఇలారియో. యంత్రం ఉన్న మనిషి ఎక్కడ పోయాడని తెలిసినా వెళ్ళి బతిమాలతాడు. కొందరు ఇస్తారు. కొందరు మీలా తంతారు.”

“అమ్ముకోడానికేగా?”

“బస్సు చార్జీ కూడా తీసుకోడు. మీ వాళ్ళు పక్కటెముక విరగ్గొట్టారు, తెలుసా? కట్టు కట్టించుకోకుండా ఆమె మంచం దగ్గరికి పోయి కూర్చున్నాడు.”

“ఎవరామె?”

“బసీలియా. మీ నాన్న యంత్రం వస్తుందని ఎదురుచూసిన మనిషి.”

నీల్దా గొంతు కాస్త దిగింది.

“ఇప్పుడెలా ఉంది?”

“ఎలా ఉంటుంది? సోమవారం పిల్లకి జడ వేస్తూ వేస్తూ ఒరిగి ప్రాణం వదిలింది. గుండె ఆగితే మళ్ళీ కొట్టించడానికి మా దగ్గరేముంది? పనికొచ్చేది ఒక్కటుంది. దాన్ని మీరు మట్టిలో పెట్టారు.”

నీల్దాకి సిగ్గేసింది. సిగ్గుని ఎలా మొయ్యాలో తెలియక మళ్ళీ కోపం తెచ్చుకుంది.

“అది మా నాన్నది! ఇస్తే ఇస్తాం, లేకపోతే మానేస్తాం! అడగడానికి ఆయనెవడు?”

వరండాలో రోగులు తలలు తిప్పి చూశారు. నర్సు ఈసారి గొంతు తగ్గించమనలేదు.

“చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. వింటే మీరు ఇబ్బంది పడతారట. ఇంత జరిగాక నాకా ఒట్టు అక్కర్లేదు.”

“ఏంటది?”

“ఆ యంత్రం ముందు ఆయన భార్యది, నీల్దా, ఆవిడ పోయిన రోజు, ఎవరో ఏమిటో తెలియని మీ నాన్నకి అది పెట్టమని నా చేతులు పట్టుకుని బతిమాలినవాడు ఆయనే.”