ఐదో నంబరు ఫీడరు

“రెండో ఫీడరు కూడా తీసేశాను మేడం.”

“తీస్తే ఇక్కడ అంకె ఎందుకు తగ్గలేదు?”

కంట్రోల్ రూములో ఆమె ఫోను చెవికి అదిమిపెట్టి, ఎదురుగా ఉన్న తెర వంక చూస్తోంది. ఊరికి కరెంటు తెచ్చే రెండు పెద్ద లైన్లలో ఒకటి మిట్టమధ్యాహ్నం ట్రిప్ అయి ఆగిపోయింది. భారమంతా రెండో దాని నెత్తిన పడింది. అది మోయగలిగిన దానికంటే ఎక్కువ మోస్తోందని తెర మీద ఎర్ర అంకె చెబుతోంది. నూట పద్దెనిమిది శాతం. ఇలాగే ఉంటే అదీ పోతుంది. అప్పుడు ఆసుపత్రులు, నీళ్ల పంపులు, లిఫ్టులు, ఊరు ఊరంతా ఆగిపోతుంది. వీధులకు కరెంటు పంచే ఫీడర్లు కొన్ని తీసి లైను బరువు దించాలి.

మామూలుగా అయితే కూర్చున్న చోటి నుంచే ఆమె తీసేసేది. ఆ ఫీడర్లున్న సబ్‌స్టేషనులో ఆ ఏర్పాటు పాడైంది. తెర మీది అంకె మాత్రం అక్కడి నుంచే వస్తుంది. తియ్యడం, పెట్టడం అన్నీ ఫోనులో చెప్పి చేయించాల్సిందే.

అవతల ఫోనులో ఉన్నది ఆ సబ్‌స్టేషను ఇంజినీరు, ఆమె భర్త. ఆ ఫోను లైను మీద ప్రతి మాటా రికార్డవుతుంది. అందుకని డ్యూటీలో ఉన్నంతసేపూ పెళ్లాన్ని ‘మేడం’ అంటాడు.

“మూడోది తియ్యండి,” అంది ఆమె.

“అక్కర్లేదనుకుంటాను మేడం. ఇక్కడి మీటరులో బాగానే తగ్గింది.”

“మీ మీటరు సంగతి నాకు తెలియనిదా? పోయిన నెల నాలుగు మొట్టికాయలు వేస్తే గానీ ముల్లు కదల్లేదు. తియ్యండి.”

“తీశాను.”

నూట పద్దెనిమిది.

“నాలుగోది.”

“తీశాను. మేడం, ఇక్కడ నిజంగానే తగ్గింది.”

నూట పద్దెనిమిది. తీసిందంతా మిగతా వీధుల్లోని ఏసీలు మింగేస్తున్నట్టున్నాయి అనుకుంది ఆమె. వెనక నిలబడ్డ షిఫ్టు ఇన్‌ఛార్జి మెడ తుడుచుకుంటూ, “లైను ఇంకెంతసేపో తాళదమ్మా,” అన్నాడు.

మిగిలినవి రెండు. ఆరో ఫీడరు మీద పెద్దాసుపత్రి ఉంది. ఐదో దాని మీద వాళ్ల వీధి ఉంది, ఆ వీధిలో వాళ్ల ఇల్లు, ఆ ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకుని పడుకున్న ఆమె అత్తగారు. చూసుకునే మనిషి ఇవాళ రాలేదు. ఒక్క పూటే కదా అని ఇద్దరూ డ్యూటీకి వచ్చేశారు.

“ఐదోది తియ్యండి.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“వినిపించిందా? ఐదోది.”

“తెలిసే అంటున్నారా మేడం?”

“తెలిసే.”

“అమ్మ ఉందక్కడ.” ‘మేడం’ అన్న మాట ఎగిరిపోయింది. “మిషను ఆగితే అమ్మ ఎంతసేపు ఉంటుందో నీకు తెలీదా?”

“లైను పోతే ఎలాగూ ఆగుతుంది. ఆవిడదీ ఆగుతుంది, ఆసుపత్రిలో వాళ్లవీ ఆగుతాయి.”

“లైను పోదు. తగ్గిందని చెప్తుంటే నీకు ఎక్కదేం?”

“మీరు ఆ మాట ఎందుకు అంటున్నారో నాకు తెలుసు. ఐదో దాకా రాకూడదనేగా?”

“అంటే అబద్ధం చెప్తున్నానంటావు.”

“అలా అనలేదు.”

“అన్నావు. పడుకున్నది నీ కన్నతల్లి అయితే ఇలాగే తియ్యమనేదానివా?”

అతని అరుపు ఫోను దాటి గదిలో అందరికీ వినబడింది. షిఫ్టు ఇన్‌ఛార్జి తల పక్కకు తిప్పుకున్నాడు. పొద్దున అత్తగారికి తల దువ్వి జడ వేసి వచ్చిన చెయ్యి ఫోను మీద బిగుసుకుంది.

“తియ్యండి. ఇది ఆర్డరు.”

“తీసేశాను.” ఫోను పెట్టేశాడు.

నూట పద్దెనిమిది.

ఆమె సెల్‌ఫోను తీసి ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. పక్కింటావిడకు చేస్తే, బజారులో ఉన్నానమ్మా, ఇప్పుడే పరిగెడతాను అంది ఆవిడ.

అంతలో కమ్యూనికేషన్ టెక్నీషియను తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

“మేడం, ఆ సబ్‌స్టేషను అంకె చూడకండి. పైపుల కోసం రోడ్డు తవ్వుతూ అంకెలు తెచ్చే మన కేబుల్ తెంపేశారు. తెగేముందు వచ్చిన అంకే తెర మీద అలా నిలబడిపోయింది.”

“ఎప్పుడు తెగింది?”

“మీరు మొదటి ఫీడరు తీయించక ముందే.”

“తెగితే తెర మీద తెలియాలి కదా?”

“తెలియాలి మేడం. మరి ఎందుకు తెలియలేదో.”

ఆమె సబ్‌స్టేషనుకు ఫోను కలిపింది.

“ఏమండీ, ఐదోది పెట్టెయ్యండి. అన్నిటికంటే ముందు ఐదోది. ఇక్కడి అంకె చచ్చి చాలాసేపయింది. మీ మీటరే నిజం. మీరే నిజం చెప్పారు, నేనే నమ్మలేదు. పెట్టెయ్యండి, మీకు దణ్ణం పెడతాను. అత్తయ్య ఫోను ఎత్తడం లేదు.”

ప్రతి మాటా రికార్డవుతోందని ఆమెకు గుర్తు లేదు.

“అమ్మ ఈ వేళప్పుడు నిద్రపోతుంది, ఎత్తదు,” అన్నాడు అతను. “మీటరు గురించి నేను చెప్పిందంతా నిజమే మేడం. ఐదోది తీశానన్నదే అబద్ధం.”